కళాయి కింద ఎరుపు

ఇంటింటా గిన్నెలు తోమే మన్నూబియ ఏ ఇంట్లో గిన్నె చేతికి తీసుకున్నా ముందు లోపలికి తొంగిచూసేది. బొటనవేలితో అడుగంతా తడిమి, వెలుగుకేసి వంచి, రాగి మీది తగరపు కళాయి తెల్లగా ఉందనుకున్నాకే నీళ్లు పోసేది.

"పెళ్లిచూపులా ఏంటే? పళ్లు కూడా లెక్కపెట్టు," అని స్ఫాక్స్ పాతపట్నం ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆమె చిన్నతనంలో పక్కింటివాళ్లు కళాయి పోయిన రాగిగిన్నెలో పులుపు వండుకున్నారు. పండుగ పూట ఇల్లంతా వాంతులు. అందరూ లేచి తిరిగారు గానీ, ఆమెతో గవ్వలాడే పిల్ల మాత్రం లేవలేదు. ఆ సంగతి మన్నూబియ ఎవరితోనూ పెద్దగా చెప్పుకోలేదు. ఆమె బొటనవేలికి మాత్రం అది ఎప్పటికీ గుర్తే.

మాడు ఎంత మొండిదైనా ఆమె దగ్గరున్న మందు ఒక్కటే, వంటసోడా. గుప్పెడు చల్లి, వేడినీళ్లు పోసి, పక్కనే పీట వేసుకుని కూర్చునేది. "నాననీ. మాడు దానంతటదే అలిగి లేచిపోతుంది. మనం గోకితే ఏడ్చేది గిన్నె," అనేది.

ఆ ఏడు రంజాను ఆఖరి రోజు, మధ్యాహ్నం వాలాక, అందరూ లెల్లా, అంటే అమ్మగారూ, అని పిలిచే బేయా ఇంటినుంచి కబురొచ్చింది. షర్మూలా మాడిపోయిందట. పండుగ పొద్దున ఉప్పుచేపతో తినే ఉల్లిపాయల, ఎండుద్రాక్షల చిక్కటి పులుసు అది. వెనిగరు పోసి గంటలకొద్దీ మగ్గబెట్టాలి. కాస్త ఏమరితే ద్రాక్ష తీపికి అడుగంటుతుంది.

"నిద్రపోలేదే, కళ్లు మూసుకున్నానంతే," అంది ఇంటావిడ బేయా, ఎవరూ అడక్కుండానే. "మళ్లీ ఉల్లిపాయలు కోయించాను. పొయ్యి రగులుతోంది. ఇంట్లో ఇంత పెద్ద గిన్నె ఇదొక్కటే. తొందరగా కానియ్."

మన్నూబియ సోడా వేసి కూర్చుంది. మాడు అంచులు లేచాయి. పెద్దపెద్ద పెళ్లలుగా ఊడొస్తే తీసి చెత్తబుట్టలో పడేసింది. అడుగున, సొట్టపడిన చోట, ఒక్క మరక మిగిలింది. లోపల్నించి బేయా రెండోసారి కేకేసింది, మూడోసారీ కేకేసింది. మన్నూబియ చెయ్యి తనకు తెలియకుండానే గోడవార ఇసుక మీదికి పోయింది. గట్టిగా నాలుగు రుద్దులు రుద్ది, నీళ్లు పోసి కడిగింది.

సొట్ట పక్కన, బొటనవేలి గోరంత, ఎర్రగా రాగి కనబడింది.

ఆమె ఇంకా దాన్ని చూస్తూండగానే బేయా మనవరాలు దోజా వచ్చి భుజం మీద వాలింది. నాలుగేళ్ల పిల్ల.

"పిన్నీ, నేనే రుచి చూశా తెలుసా? అందరికీ ఉపవాసం కదా. ఉప్పు సరిపోయిందని చెప్పింది నేనే."

"ఎంత తిన్నావే తల్లీ?"

"గరిటంతా నాకేశా. మళ్లీ పెట్టమన్నా. మళ్లీ నాకేశా."

మన్నూబియ లోపలికి కేకేసి అడిగింది, "లెల్లా, రంజానుకి ముందు దీనికి కళాయి పూయించారా?"

"ఈ ఏడు పూయించలేదు. నిరుటిది గట్టిగానే ఉందిగా. ఏం?"

"ఏం లేదమ్మా."

ఆ ఎరుపు ఇప్పుడు తన ఇసుకతో వచ్చిందా, ముందునుంచే ఉందా? ముందునుంచే ఉంటే తన తప్పేమీ లేదు. కానీ పొద్దుటినుంచీ వెనిగరు ఆ రాగిమీదే ఉడికింది, ఆ పచ్చటి విషపు కిలుము ఈ పిల్ల కడుపులో ఉంది. 'కళాయి నా చేత్తోనే పోయి ఉండాలి దేవుడా, తప్పు నాదే కావాలి,' అనుకుంది మన్నూబియ. తన మీదికే తప్పు రావాలని ఆమె ఎన్నడూ ఇంతగా మొక్కుకోలేదు.

"కడుపులో నొప్పిగా ఉందా?"

దోజా ఆలోచించింది. "ఉంది."

"ఎక్కడ? చూపించు."

పిల్ల మోకాలు చూపించింది. మన్నూబియకి నవ్వు రాలేదు. ఆ చిన్నప్పటి స్నేహితురాలు కూడా మొదట ఆడుకుంటూనే ఉంది.

చెత్తబుట్ట వాకిట్లో బోర్లించింది. ఉల్లిపొట్టులోంచి మాడు పెళ్లలు ఏరి, పగిలిన పళ్లెం అతికినట్టు బండమీద పేర్చింది. రాగి ముందే బయటపడి ఉంటే సొట్ట అచ్చు పడిన పెళ్లకి ఆ పచ్చ అంటి ఉండాలి. ఆ పెళ్ల కనబడలేదు. పొట్టంతా మళ్లీ కెలికింది. చివరికి పొట్టు తొక్కల్లో అతుక్కుని దొరికింది. "బిస్మిల్లా," అనుకుని తిప్పింది.

నలుపు. ఎండకేసి పట్టుకుంది, గోటితో గీరింది. లోపలిదాకా నలుపే. ఎక్కడా పచ్చ చార లేదు.

"చెత్తలో ఏం దేవుతున్నావే?" బేయా గుమ్మంలో నిలబడి ఉంది.

"గిన్నె నేనే పాడుచేశాను లెల్లా. ఇసుకేసి రుద్దాను. కళాయి పోయింది."

"పాడుచేసి మొహం అంత వెలిగిపోతోందేం? పండుగ నీకు ముందే వచ్చిందా?"

మన్నూబియ గిన్నె చూపించి, ఆ తర్వాత పెళ్ల చూపించింది. బేయా ఆ రెండింటినీ, గుమ్మం దగ్గర గంతులేస్తున్న పిల్లనూ మార్చిమార్చి చూసింది. ఆమెకు అర్థమైంది. మెట్టుమీద కూలబడి, దోజాను లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"నిజం చెప్పు. నన్ను ఊరడించడానికి అంటున్నావా?"

"మీరే చూసుకోండమ్మా. పచ్చ ఎక్కడైనా ఉందా?"

"నా చూపు ఆనదే. నువ్వే మళ్లీ చూడు."

మన్నూబియ మళ్లీ చూసింది. రెండోసారి చూస్తే మొదటంత ధైర్యం కలగలేదు. సోడానీళ్లలో నానిన మాడు కదా. పచ్చదనం ఉన్నా కరిగిపోయి ఉంటుందేమో. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

షర్మూలా ఇరుగుపొరుగు నుంచి తెచ్చిన మట్టికుండల్లో ఉడికింది. మన్నూబియను ఇంటికి పొమ్మని బేయా అనలేదు, ఆమే పోలేదు. ఉపవాసం విడిచే వేళైందని ఫిరంగి మోగింది. బేయా ఇద్దరి ముందూ ఖర్జూరాలు పెట్టింది. ఇద్దరూ పట్టుకున్నారు గానీ నోట్లో పెట్టుకోలేదు. ఎదురుగా దోజా గిన్నెడు సూపు తాగుతోంది. ప్రతి గుటకకీ ఇద్దరి చూపూ ఆ చిన్న గొంతు వెంబడే దిగుతోంది.

"మామ్మా, తినరేం?" అంది దోజా.

"నువ్వు కానియ్ తల్లీ," అంది బేయా. "ముందు నీది కడుపులో నిలవనీ."