నెత్తుటి జాడ పట్టే వెర్నా

వెర్నా హాపలా తుపాకీ పట్టడం మానేసి నలభై ఆరేళ్ళయింది. అయినా నవంబరు పదిహేనున జింకల వేట మొదలయిందంటే, సుపీరియర్ సరస్సుకు దక్షిణాన ఆ అడవి ఊళ్ళలో ఆమెకు వచ్చినన్ని ఫోన్లు ఇంకెవరికీ రావు. "కొట్టాను వెర్నా, కానీ ఎక్కడ పడిందో కనపడటం లేదు." అందరిదీ ఒకటే పాట. తెల్లవారకముందే లేచి వృద్ధాశ్రమం వంటగదిలో నలభై మందికి ఓట్స్ జావ కాచి, గిన్నెలు కడిగి, కాళ్ళు పీకుతుండగా ఇంటికి వచ్చిన మనిషి, బూట్లు మార్చుకుని, తుపాకీవాళ్ళకు దూరం నుంచే కనపడే నారింజ రంగు చొక్కా తగిలించుకుని మళ్ళీ బయల్దేరేది. జేబులో ఒక టాయిలెట్ పేపర్ చుట్ట ఉండేది. నెత్తుటి చుక్క కనపడ్డ ప్రతిచోటా ఒక కాగితం ముక్క కొమ్మకు గుచ్చేది. జాడ తప్పినప్పుడు వెనక్కి తిరిగి ఆ తెల్ల ముక్కల వరస చూస్తే, జింక ఎటు మొగ్గిందో తెలిసేది.

ఈ విద్య ఆమెకు తప్పు చేసి అబ్బింది. పదహారేళ్ళప్పుడు మొదటిసారి ఒక జింక పోతును కొట్టింది. అది తూలుతూ పొదల్లోకి పోవడం చూసి, ఒళ్ళు తెలియని సంబరంతో వెంటపడి పరిగెత్తింది. పక్కనే పొదలో పడుకున్న జింక ఆ అలికిడికి లేచి వాగు దాటిపోయింది. ఇక దొరకలేదు. ఏప్రిల్లో మంచు కరిగాక ఆమె తండ్రి ఐవర్ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఎముకలు చూపించాడు. తిట్టలేదు.

"ఒక కాఫీ తాగేంత సేపు ఆగుంటే ఇది మనింటికొచ్చేది," అన్నాడంతే.

మరుసటి ఏడు ఆమె చేతికి తుపాకీ ఇవ్వలేదు. బాబాయిలు కొట్టిన ప్రతి జింక జాడా ఆమె చేతే పట్టించాడు. ఆ తర్వాతి ఏడు తుపాకీ ఇవ్వబోతే ఆమే వద్దంది.

అప్పటినుంచీ నేర్చుకున్నదంతా ఒక్క మాటలో చెప్పాలంటే, మనిషి చెప్పేది నమ్మకూడదు, నేల చెప్పేది నమ్మాలి. గులాబీ రంగు నెత్తురు, అందులో నురగ ఉంటే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపయితే కాలేయం. పొట్టకింది తెల్ల వెంట్రుకలు, పచ్చటి జిగురు, కుళ్ళు వాసన ఉంటే పేగులు. పేగులకు తగిలితే ఆరేడు గంటలు ఆగాలి. తరిమితే ఆ నొప్పితోనే మైళ్ళు పోతుంది. కానీ ఏ వేటగాడూ పేగులకు కొట్టానని ఒప్పుకోడు. పొరుగున ఉండే డెన్నిస్ ట్రుడెల్ ముందటేడు గుండె మీద చెయ్యి వేసుకుని, "సూటిగా గుండెకే," అన్నాడు. వెర్నా నేలమీది పచ్చటి జిగురంటిన వెంట్రుకలు ఏరి అతని ముక్కు కింద పెట్టింది.

"గుండెలో పేడ ఉంటుందా డెన్నిస్?"

అతను ఊరంతా ఆ మాట చెప్పుకుని తనమీద తనే నవ్వుకున్నాడు. మంచివాడే, తొందర ఎక్కువ.

అబద్ధం చెప్పని వేటగాడు ఆమెకు తెలిసి ఒక్కడే, ఆమె మొగుడు ఓరిన్. కలప కోత పనిలో ముప్పై అయిదేళ్ళు చేసినవాడు. ముప్పై ఎనిమిది వేట కాలాల్లో మూడుసార్లు గురి తప్పాడు. మూడుసార్లూ ఇంటికొచ్చి తలుపు దగ్గరే, "చెడగొట్టాను వెర్నా, పొట్టకు తగిలింది, ఆగి వెళ్దాం," అన్నాడు. ఆ మాటకే ఆమె అతన్ని గౌరవించేది. ఇప్పుడు అతని ఊపిరితిత్తులు అయిపోయాయి. ముక్కుకు గొట్టం, పక్కన చక్రాల మీద ఆక్సిజన్ సిలిండర్. మంచం నుంచి వంటింటి కుర్చీకి రావడానికి మధ్యలో ఒకసారి ఆగాలి.

ఆ శరదృతువులో అతను రోజూ ఒకటే పట్టు పట్టాడు.

"ఒక్కసారి కూర్చోబెట్టవే. రోడ్డు పక్క మాటు గుడిసెలో. నేనేం నడవక్కర్లేదు."

"చలికి నీ ఊపిరి పట్టేస్తుందయ్యా."

"ఇక్కడ పట్టెయ్యటం లేదా? ఇక్కడయితే నీ మొహం చూస్తూ, అక్కడయితే అడవి చూస్తూ."

"నా మొహానికేమొచ్చింది ముసలోడా?"

"దానికేం రాలేదు. అడవికి కొమ్ములున్నాయి, అంతే తేడా."

ఆమె నవ్వింది. నవ్వినందుకు ఒప్పుకోవలసి వచ్చింది. తోడుగా ఉంటాను కదా అని ఆ ఏడు తనూ ఒక వేట లైసెన్సు కొంది.

వేట మొదలైన మూడో రోజు సెలవు పెట్టి, తెల్లవారుతుండగా ట్రక్కును మాటు గుడిసె పక్కకు తోలుకెళ్ళింది. అతన్ని దాదాపు ఎత్తుకుని లోపల కూర్చోబెట్టింది. సిలిండర్‌కు దుప్పటి చుట్టింది. తను ట్రక్కులో కూర్చుంది. ఎనిమిదిన్నరకు తుపాకీ మోగింది. ఒక్కటే దెబ్బ.

వెళ్ళేసరికి ఓరిన్ మొహం పాలిపోయి ఉంది. కళ్ళు మాత్రం వెలుగుతున్నాయి.

"ఎనిమిది మొనల కొమ్ములు వెర్నా. భుజం వెనకాలే తగిలింది. ఆ ఫర్ చెట్ల వైపు పోయింది. వంద గజాల్లో పడి ఉంటుంది, చూడు."

ఆమె అతను చూపించిన చోటుకు వెళ్ళి వంగింది. గడ్డిమీద నెత్తురు చాలా తక్కువ. రెండు చుక్కలు, పలచగా, గోధుమ రంగులో. పక్కన తెల్ల వెంట్రుకలు. వేలితో తీసి వాసన చూసింది. చూడకుండానే తెలుసు, అయినా చూసింది. అక్కడే కాసేపు వంగి ఉండిపోయింది. నడుము నొప్పి వల్ల అని తనకు తానే చెప్పుకుంది.

తిరిగి వచ్చి, "ఆగుదాం," అంది.

"ఎందుకు? భుజం వెనకాలే అన్నాను కదా."

"విన్నాను."

"మధ్యాహ్నానికి మంచు పడుతుందని రేడియోలో చెప్పాడు. జాడంతా కప్పేస్తుంది."

"ఇప్పుడు వెళ్తే జింకే పోతుంది ఓరిన్."

భుజం వెనక, ఊపిరితిత్తులకే తగిలి ఉంటే ఆగే పనే లేదు. ఆగుదామంటే ఆమె నమ్మలేదని అర్థం. అది ఇద్దరికీ తెలుసు. అతన్ని ట్రక్కులోకి చేర్చి హీటర్ వేసింది. కాగితంలో చుట్టి తెచ్చిన పాస్టీ విరిచి సగం అతని చేతిలో పెట్టింది. మాంసం, బంగాళాదుంప కూరిన ఆ కజ్జికాయ అతనికి ప్రాణం. ఆ పూట రెండు ముక్కలు కొరికి పక్కన పెట్టేశాడు. పదిన్నరకు మంచు మొదలయింది. మొదట సన్నగా, తర్వాత రాలేది కూడా తెలియనంత దట్టంగా. అద్దం మీద పడి కరిగే రేకుల్ని చూస్తూ ఇద్దరూ నాలుగు గంటలు మాట్లాడకుండా కూర్చున్నారు. సిలిండర్ బుస్సుమన్నప్పుడల్లా ఆమె గాలి ఎంత మిగిలిందో చూపే ముల్లు ఎక్కడుందో చూసేది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో తగాదాలు పడ్డారు, వారాల తరబడి మూతులు ముడుచుకున్నారు. ఇంత మౌనం ఎప్పుడూ లేదు.

రెండు దాటాక డెన్నిస్‌కు ఫోన్ చేసింది, ఓరిన్‌ను ఇంటికి చేర్చమని. అతను వస్తూనే అలవాటుగా నోరు తెరిచాడు.

"ఏం ఓరిన్, చివరికి నువ్వు కూడా మా జట్టులో చేరావా? ఎక్కడ తగిలిందేం, గుండెకేనా?"

ఓరిన్ అటు తిరిగి కూర్చున్నాడు. వెర్నా కళ్ళతోనే వద్దని చెప్పింది. డెన్నిస్ టోపీ సర్దుకుని అతన్ని తన బండెక్కించుకున్నాడు.

ఆమె ఓరిన్ తుపాకీ భుజాన వేసుకుంది. అంత బరువుంటుందని మరిచిపోయింది. నాలుగు వేళ్ళ మందాన మంచు. జాడ అనేదే లేదు. అయినా పొట్టకు దెబ్బ తిన్న జింకకు దాహం వేస్తుంది, పల్లానికి, నీళ్ళ దగ్గరకు పోతుంది. ఆ లెక్కతో సెడార్ చెట్ల చిత్తడిలోకి దిగింది. గుబురుగా ఉన్న చెట్ల కింద మంచు పడని చోట్లు వెతుక్కుంటూ మోకాళ్ళ మీద పాకింది. ఒక చెట్టు మొదట్లో గోరంత మరక కనపడింది. కాగితం ముక్క గుచ్చింది. అర్ధగంట తర్వాత ఇంకొకటి. చేతితొడుగులు తడిసి వేళ్ళు మొద్దుబారాయి. ఒకచోట మోకాలు మడత పడి అలాగే బోర్లా పడింది. మొహం మంచులో పెట్టుకుని, లేవకుండా ఇక్కడే పడుకుంటే ఏమవుతుందని ఆలోచించింది. ఏమీ కాదు, రేపు జావ ఇంకెవరో కాస్తారు. తర్వాత లేచింది.

పొద్దు వాలుతుండగా, వాగుకు ఇవతల, ముప్పై అడుగుల దూరంలో జింక కనపడింది. పడుకుని ఉంది. తల ఎత్తి ఆమెనే చూస్తోంది.

తుపాకీ ఎత్తింది. కొమ్ముల మొనలు కనపడుతున్నాయి, మెడ దగ్గర ఆల్డర్ పొద అడ్డం, ఒంటి మిగతా భాగమంతా మసక. ఎక్కడ కొట్టాలో తెలియటం లేదు. అడ్డంగా వచ్చే ఒక కొమ్మ చాలు, గుండు పక్కకు పోవడానికి. మరో తప్పు దెబ్బ తన చేతిమీదుగా కూడానా? జింక మెడ పొద చాటునుంచి బయటికి వస్తుందేమోనని చూసింది. జింకే లేచింది. వీపు గూనిలా వంచుకుని, తొందర లేకుండా, వాగులోకి దిగి అవతలి చీకటిలో కలిసిపోయింది.

వెర్నా తుపాకీ దించి ఒక పడిపోయిన మాను మీద కూర్చుంది. ఏడుపొస్తుందేమో అనుకుంది. అది కూడా రాలేదు.

ఇంటికి వచ్చేసరికి ఓరిన్ వంటింట్లో దీపం కింద కూర్చుని ఉన్నాడు. అన్నం తినలేదు.

"కనపడింది. లేచిపోయింది," అంది ఆమె.

అతను బల్ల మీది గీతల్ని గోటితో గీకాడు.

"కిటికీ చెక్కకు చెయ్యి ఆనించాను," అన్నాడు చివరికి. "చెయ్యి వణికి జారింది. అప్పటికే ట్రిగ్గర్ మీద వేలుంది. జింక వీపు గూని పెట్టడం చూశాను. పొట్టకేనని ఆ క్షణమే తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంకెప్పుడూ తీసుకెళ్ళవు కదా."

"తీసుకెళ్ళను," అంది వెర్నా. కోపంగా అనలేదు. అంత ఓపిక లేదు.

"తెలుసు," అన్నాడు అతను. "తీసుకెళ్ళకు."

తెల్లవారి ఆశ్రమానికి ఫోన్ చేసి రాలేనని చెప్పింది. అవతలి మనిషి సణుగుతుండగానే పెట్టేసింది. డెన్నిస్ లాగుడు బండి తెచ్చాడు. ఓరిన్ తనూ వస్తానన్నాడు, ట్రక్కులోనే ఉంటానని. కాదనడానికి ఆమెకు మనసొప్పలేదు. వాగు దాటాక జాడ వెతకనక్కర్లేకపోయింది. పెద్ద నల్లకాకులు అరుస్తూ తిరుగుతున్నాయి, వాటి కిందకే నడిచారు. జింక నీళ్ళ అంచున పడి ఉంది. నక్కల్లాంటి కొయోట్లు వెనక తొడలు రెండూ తినేశాయి. పొట్ట ఉబ్బి వాసన కొడుతోంది.

డెన్నిస్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"వదిలేద్దాం వెర్నా. ఎవరు చూడొచ్చారు? అతని లైసెన్సు చీటీ వాడకుండా అలాగే ఉంటుంది. ఇంకో మంచి జింక దొరికితే..."

"ఆయనకు ఇంకో జింక అక్కర్లేదు డెన్నిస్. కాళ్ళు పట్టుకో."

"ఇందులో మిగిలిందేముంది మోసుకెళ్ళడానికి?"

"ఆయనది. అది మిగిలింది."

ఇద్దరూ కలిసి ఆ మిగిలిందాన్ని బండికెక్కించి, రెండుచోట్ల ఆగి, రోడ్డు దాకా లాగారు. ఓరిన్ ట్రక్కు దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. జేబులోంచి, కొట్టిన జింకకు కట్టవలసిన లైసెన్సు చీటీ తీశాడు. నేలమీద కూర్చుని దాన్ని కొమ్ముకు కట్టడం మొదలుపెట్టాడు. దారం ముడి జారిపోతోంది. ముడి పడేసరికి పావుగంట పట్టింది. డెన్నిస్ సాయం చెయ్యబోతే వెర్నా మోచేతితో ఆపింది. తర్వాత ఆమె కత్తి తీసి ముందు భుజాల దగ్గర కోసి చూసింది. ఒకటి చెడింది. ఒకటి బాగుంది. బాగున్నదాన్ని మంచుతో తోమి గుడ్డలో చుట్టింది.

ఆ మాంసాన్ని ఆదివారం ఉల్లిపాయలు, కారెట్లు వేసి నాలుగు గంటలు ఉడికించింది. ఓరిన్ తనవంతు మొత్తం తిన్నాడు, నెమ్మదిగా, మధ్య మధ్య ఊపిరి తీసుకుంటూ. ఆ తర్వాత ఇంకో రెండు వేట కాలాలు బతికాడు. గుడిసె మాట మళ్ళీ ఎత్తలేదు. తుపాకీని శుభ్రం చేసి నూనె రాసి డెన్నిస్‌కు ఇచ్చేశాడు, "ఆనించి కొట్టు, ఆనించింది జారకుండా చూసుకో," అని.

కానీ ఆ రోజు, జింకను తెచ్చిన రోజు, ఇంటికి వచ్చాక వెర్నా తలుపు పక్క కుర్చీలో కూలబడింది. తడిసి గడ్డకట్టిన బూట్లు విప్పుకోవడానికి వంగలేకపోయింది. ఓరిన్ సిలిండర్ లాక్కుంటూ వచ్చి ఆమె ముందు నేలమీద కూర్చున్నాడు.

"లేవలేవు మళ్ళీ, ఎందుకు కూర్చున్నావు?"

"లేపుతావులే, ఎప్పుడు లేపలేదు కనక."

ఒక్కొక్క కన్నంలోంచి ఆమె బూటు తాడు లాగుతున్నాడు. రెండు కన్నాలకోసారి ఆగి గొంతు గురగురలాడించుకుంటూ ఊపిరి తీసుకుంటున్నాడు.

"రేపు షిఫ్టు ఎన్నింటికే?"

"ఐదున్నరకి."

ఇంకేదో అడిగాడు. ఆమె వినలేదు. తల గోడకు ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది. అతను రెండో బూటు తాడు మెల్లగా విప్పుతూ ఉన్నాడు.