చెన్నయ్య సార్ సోమవారాలు

చెన్నయ్య సార్‌కు కోపమొస్తే తిట్టడు, కొట్టడు. అర్జీ రాస్తడు. కోపం ఆయనకు రోజూ వస్తది గనక రోజూ రాస్తడు. ఆఫీసుల అర్జీలు తీసుకునేది మాత్రం సోమవారమే. అందుకని వారం కోపమంతా సంచిల ఏసుకోని సోమవారం పొద్దుగాల మొదటి బస్సుకు నాగర్‌కర్నూల్ పోతడు. డ్రాయింగ్ మాస్టరుగ రిటైరయ్యి ఆరేండ్లాయె. ఈ ఆరేండ్లల ఆయన అర్జీ ఇయ్యని సోమవారం ఒక్కటే. ఆ రోజు పండుగని ఆఫీసు బంద్ ఉండె. ఎందుకు బంద్ పెట్టిండ్రని మంగళవారం పోయి అర్జీ ఇచ్చొచ్చిండు.

ఒకపారి ఊర్ల బస్సు స్టాపు దాటి పది గజాల అవతల ఆగుతుందని రాసిండు. ముసలోళ్ళు ఉరుకుతుండ్రు, ఒకామె చెప్పు తెగింది, సదరు చెప్పు ఇందువెంట జతపరచడమైనది అని రాసి, నిజంగనే ఆ చెప్పును సుతిలితోని కాగితానికి కట్టి ఇచ్చిండు. ఆ వారం నుంచి బస్సు స్టాపు కాడనే ఆగబట్టె. సార్ సంతోషపడాలె గదా? పడలే. డ్రైవరు తనను చూసి కావాల్నని హారన్ కొడుతుండని ఇంకొకటి రాసిండు.

ఇంట్ల కూడా అంతే. ఒకనాడు పప్పుల ఉప్పెక్కువైందని తెల్లకాగితం మీద రాసి భార్య జంగమ్మ చేతుల పెట్టిండు.

"రసీదు ఇయ్యి" అన్నడు. "కింద సంతకం, మీద తారీఖు."

జంగమ్మ ముప్పై ఐదేండ్ల సంది ఆయనతోని కాపురం చేస్తున్న మనిషి. కాగితం తిప్పి, ఎనుక "పరిశీలించి తిరస్కరించడమైనది" అని రాసి, తారీఖేసి, రాత్రికి అదే పప్పు మళ్ళ వడ్డించింది. సార్ గిన్నె గీకి తిన్నడు. రూలు ప్రకారం అయ్యిందంటే ఆయన ఏమన్నా తింటడు.

ఒక్క మాట ఒప్పుకోవాలె. ఆయన రాసింది ఎన్నడూ అబద్ధం కాలే. "నా అర్జీ ఒక్కటన్న నిరాధారమని తేలిందా? తేలితే చూపెట్టమను!" అని చాయ్ హోటల్ల బల్ల గుద్దుతడు. గా మాట అన్నప్పుడు మాత్రం ఆయన మొఖంల కోపం పోయి జర సేపు వెలుగొస్తది.

ఆ ఊరి పిల్ల పూజకు ఈ అర్జీల దెబ్బ తొమ్మిదో తరగతిల తగిలింది. డ్రాయింగ్ క్లాసుల చెయ్యి బొమ్మ గియ్యమంటే గీసింది. సార్ చూసి, "ఏంది పిల్లా గిది? చెయ్యా, చెరుకు గడల కట్టనా?" అన్నడు. అని ఊకున్నడా? బొమ్మ కింద "ఈ చెయ్యి తప్పు. మళ్ళీ గీయవలెను" అని రాసి సంతకం పెట్టిండు. ఆ ఏడు పూజ నలభై చేతులు గీసింది. నలభైటి కిందా అదే మాట, అదే సంతకం. పూజకు ఒళ్ళు మండేది. ఆ మంటల మీదనే ఆమెకు చెయ్యి గియ్యడం వచ్చింది.

పూజ తల్లి పుష్పమ్మ ఊరూరికి కట్టడం పనులకు వలస పోయిన మనిషి. పూజ ఖాళీ సిమెంటు సంచులు తెచ్చి, కడిగి, ఆరేసి, దబ్బనం తోని వాటి మీద కూలోళ్ళ చేతులు కుడుతది. ఇటుకలు పట్టిన చేతులు, తట్ట మోసిన చేతులు, బిడ్డను ఎత్తుకున్న చేతులు. అవి ఫోటోలు తీసి పంపితే ఒక విదేశీ కళాసంస్థోళ్ళు ఎంపిక చేసుకున్నరు. ఇప్పుడిప్పుడే ఎదుగుతున్న కళాకారులను దేశాలు మార్చి పనిచేయిస్తరంట. దాన్ని రెసిడెన్సీ అంటరు. పోర్చుగల్ నుంచి మార్తా అనే పిల్ల వచ్చి నెల రోజులు ఈడ పని చేస్తది. ఆ ఎంబడే పూజ పోయి నెల రోజులు ఆడ పని చేస్తది.

షరతు ఒక్కటే. వచ్చే పిల్ల పని చేసుకోనీకి ఒక గది చూపెట్టాలె. కప్పు గట్టిగుండాలె, కరెంటుండాలె, నీళ్ళుండాలె, వాడుకోవచ్చని సర్కారోళ్ళ కాగితముండాలె. నెలాఖరు లోపల ఆ కాగితం పోకపోతే పూజ జాగ ఇంకొకరికి ఇస్తరు.

పూజ ఇల్లు ఒకటే రేకుల గది. అండ్లనే పొయ్యి, అండ్లనే మంచం. కానీ ఊర్ల మూతపడ్డ పాత బడి ఉంది. అండ్ల చెన్నయ్య సార్ పాఠం చెప్పిన డ్రాయింగ్ గది ఆరేండ్ల సంది తాళమేసి ఉంది. ఆ తాళం తీయించుమని పూజ రెండు నెలలు ఆఫీసు చుట్టు తిరిగింది. ఏ ఆఫీసో పేరెందుకుగని, తిరిగినోళ్ళకందరికీ తెలుసు. ఒకనాడు ఆఫీసరు సార్ లీవుల ఉన్నడన్నరు. ఒకనాడు సార్ ఉన్నడు, ఫైలు లీవుల ఉన్నదన్నట్టు మాట్లాడిండ్రు. గది ఉన్నట్టు రికార్డుల లేదన్నరు. లేని గదికి తాళమెట్లేసిండ్రని అడిగితే, తాళం సంగతి వేరే సెక్షన్ అన్నరు. ఎవ్వనికి కోపం రాదు చెప్పుండ్రి? కూలి పనికి పోవాల్సిన దినాలు ఆఫీసు బెంచీ మీద కరిగిపాయె. ఇంక ఎనిమిది రోజులే మిగిలినయి.

అప్పుడు పూజ చెన్నయ్య సార్ ఇంటికి పోయింది.

"సార్, ఆఫీసుల మీరంటే అందరికీ తెలుసు. జర ఒక మాట చెప్పుండ్రి."

సార్‌కు సర్రున లేచింది. "సిఫారసా? నేనా? నా జిందగీల చెయ్యలే! ఏదీ, నువ్విచ్చిన కాగితం నకలు చూపెట్టు."

చూపెట్టింది. సార్ పోర్చుగల్ వోళ్ళ షరతుల దాకా అంతా చదివి పక్కకు పెట్టిండు.

"‘దయచేసి’ అని రాసినవు! దయచేసి అని రాసినంక ఇంకెవ్వడు చదువుతడు? బతిమిలాడిన కాగితం మీద చాయ్ గిలాస పెడతరు పిల్లా. పో, నా పానం తినకు."

పూజ కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. జంగమ్మ లోపలి నుంచి, "చాయ్ తాగిపో బిడ్డా" అంటున్నా ఆగలే.

సోమవారం దాటి మంగళవారం నాడు ఆఫీసుల పనిచేసే దినేష్ ఫోన్ చేసిండు. "పూజా, నీ మీద ఫిర్యాదొచ్చింది. నిన్న చెన్నయ్య సారే ఇచ్చిపోయిండు."

"ఏమని?"

దినేష్ చదివిండు. "పూజ అను అమ్మాయి పాత బడి డ్రాయింగ్ గదిని ఆక్రమించినది. అందులో కరెంటు దొంగిలించుచున్నది. కుళాయి నీళ్ళు దొంగిలించుచున్నది. కప్పు కూలు స్థితిలో నున్న ఆ గదిలో విదేశీయులను ఉంచబోవుచున్నది. వెంటనే తాళము తీసి విచారించవలెను."

పూజకు నెత్తురు సలసలమన్నది. ఆ గదిల ఆమె కాలు పెట్టి ఆరేండ్లు! పరుగున పోయి సార్ ఇంటి ముందట వాడకట్టంతా వినేటట్టు అర్సింది.

"మీకు మనసున్నదా సార్? మంచి చెయ్యకపోతే పాయె, నోటికాడి బుక్క గుంజుకుంటరా? జీవితంల ఒక్క అబద్ధం రాయలే అంటరు గదా, మరి గిదేంది?"

సార్ కుర్చీల నుంచి లేవలే. "నోటితోని చెప్తే నేను తీసుకోను. రాసియ్యి" అన్నడు.

పూజ అక్కడనే ఆయన కాగితం, ఆయన పెన్ను గుంజుకున్నది. రాయబోతే కోపానికి మాటలు రాలే. చెయ్యి మాత్రం ఆగలే. నాలుగు గీతలల్ల సార్ కుడిచెయ్యి గీసింది. తప్పు తప్పని చూపెట్టే ఆ చూపుడువేలుతోని సహా. కింద "ఈ చెయ్యి నన్ను మోసం చేసింది" అని రాసి మొఖం మీదకు ఇసిరింది.

సార్ కాగితాన్ని శాన సేపు చూసిండు. "ముట్టినది" అని రాసి, సంతకం పెట్టి, తారీఖేసి, సంచిల పెట్టుకున్నడు.

బుధవారం పొద్దుగాల జీపు దిగింది. రెండు నెలలు రాని మనుషులు రెండు రోజులల్ల వచ్చిండ్రు. చంద్రశేఖర్ అనే ఆఫీసరు ముందట, ఎనుక దినేష్, ఊరోళ్ళు నలుగురు సాక్షులు. చెన్నయ్య సార్ అర్జీలు చదివి చదివి చంద్రశేఖర్ సార్‌కు బీపీ గోలీలు మొదలైనయని చెప్పుకుంటరు. తాళం పగలగొట్టించిండు. లోపల ఎవ్వలు లేరు. బూజు, బెంచీలు, గోడ మీద ఎవరో పిల్లలు గీసిన చేతులు.

ఆఫీసరు మొఖం పున్నమి చంద్రునోలె వెలిగింది.

"ఎవ్వలున్నరు ఈడ? ఏడున్నది ఆక్రమణ? దొరికిండు చెన్నయ్య! రాయవయ్యా దినేష్!"

కప్పు మీదికి మనిషిని ఎక్కించి తొక్కించిండు. ఫ్యాను ఏపిచ్చిండు, అది తిరిగింది. పక్క అంగన్‌వాడీ లైనే దీనికీ ఉన్నదాయె. కుళాయి తిప్పిచ్చిండు, తుప్పు నీళ్ళు పోయి మంచినీళ్ళొచ్చినయి. దినేష్ పంచనామా రాసిండు. "ఆక్రమణ లేదు. కప్పు పటిష్ఠముగా నున్నది. కరెంటు కలదు. నీరు కలదు. ఫిర్యాదు పూర్తిగా నిరాధారము."

"ఇంకో లైను రాయి" అన్నడు చంద్రశేఖర్ సార్. కోపం ఇంకా తీరలే ఆయనకు. "ఈ గదిని కళాకారులు నిరభ్యంతరంగ వాడుకోవచ్చు. చెన్నయ్య చదివి కుతకుత ఉడకాలె!" గుద్దుడు గుద్దుడు ముద్ర గుద్దిండు.

ఆ రోజు ఆఫీసుల పేడాలు పంచుకున్నరంట.

శుక్రవారం నకలు పూజ చేతికొచ్చింది. కప్పు, కరెంటు, నీళ్ళు, కాగితం. పోర్చుగల్ వోళ్ళు అడిగినయన్నీ వరుసగ ఉన్నయి. సార్ ఫిర్యాదుల రాసిన తప్పులూ అవే. పూజ మళ్ళ చదివింది. నవ్వు, ఏడుపు, సిగ్గు మూడు ఒక్కసారే వచ్చినయి. పంపాల్సిన చోటికి కాగితం పంపి, సార్ ఇంటికి ఉరికింది.

సార్ వాకిట్ల మొఖం మాడ్చుకోని కూసున్నడు.

"నిరాధారమని రాసిండ్రు" అన్నడు. "ఆరేండ్లల మొదటిసారి. హోటల్ల ఇంక బల్ల గుద్దనీకి లేదు."

"నాకు ముందుగాల చెప్పొద్దా సార్?"

"చెప్తే నువ్వు గంత కోపంగ అరుస్తుంటివా? వాడకట్టోళ్ళు నమ్ముతుండిరా? వీళ్ళల్ల ఆఫీసుకు మాట మోసే చుట్టాలు ఎంతమంది లేరు!"

పూజ తల వంచుకున్నది. "నేనిచ్చిన కాగితం వాపసియ్యుండ్రి సార్. తప్పు రాసిన."

"ఒక్కసారి ముట్టిన అర్జీ వాపసియ్యం. రూలు."

జంగమ్మ లోపలి నుంచి వచ్చి, సంచిల నుంచి ఆ కాగితం తీసి పూజకు చూపెట్టింది. "నాలుగు రోజుల సంది తీస్తడు, చూస్తడు, మళ్ళ పెడతడు. చూడు బిడ్డా, ఏం రాసిండో."

చెయ్యి బొమ్మ కింద, సంతకం పక్కన, ఎర్ర సిరాతోని ఒక లైను ఉంది. నలభై బొమ్మల కింద ఎన్నడూ రాయని లైను.

"ఈ చెయ్యి సరిగా వచ్చినది."

పూజ కండ్లు తుడుచుకునే లోపల సార్ కాగితం గుంజుకున్నడు.

"బొటనవేలు గోరు జర పెద్దగైంది. పోర్చుగల్ పోయొచ్చినంక మళ్ళ గియ్యి" అని గద్దించి, "చూసినట్టు రసీదు ఇయ్యి. కింద సంతకం, మీద తారీఖు" అని పెన్ను ముందట పెట్టిండు.