జగ్గారావు తనిఖీ

సుత్తితో ఓసారి తట్టి, చెవి ఒగ్గి వినందే జగ్గారావు ఈ ప్రపంచంలో దేన్నీ నమ్మడు. కొబ్బరికాయ కావచ్చు, గ్యాస్ సిలిండర్ కావచ్చు, పక్కింటివాళ్లు కొత్తగా కొన్న మంచం కావచ్చు. సుత్తికి అందని సంగతులు కొన్ని ఉంటాయి కదా, వార్తలూ పుకార్లూ వీధి కబుర్లూ, వాటి కోసం ఆయన దగ్గర ఒక ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.

"నువ్వు సూసినావేటి?"

ఖరగ్‌పూర్‌లో ముప్ఫై ఆరేళ్లు రైలుపెట్టెల చక్రాలు తట్టిన మనిషి మరి. మంచి చక్రం ఖణేల్‌మంటుంది. బీటపడ్డ చక్రం జలుబు చేసిన గొంతులా మూలుగుతుంది. అలాంటి పెట్టె మీద ఆయన చాక్‌పీసుతో ‘సిక్’ అని రాశాడంటే, పెద్ద సాహెబు వచ్చి బతిమాలినా ఆ పెట్టె కదిలేది కాదు. రిటైరైన రోజు ఆఫీసువాళ్లు గోడగడియారం బహూకరించారు. దాన్ని స్టేషను గడియారంతో పోల్చి చూసుకున్నాకే మెడలో దండ వేయించుకున్నాడు. ఆ మర్నాడే కమ్మరి దగ్గరికి వెళ్లి ఇంటి వాడకానికి చిన్న సుత్తి ఒకటి చేయించుకున్నాడు.

అప్పట్నుంచి ఆ ఊరి పూరీ గేట్ పేటలో వాళ్లింట్లో ఏ వస్తువుకూ మనశ్శాంతి లేదు. ప్రెషర్ కుక్కర్ మీద ‘సిక్’. కొడుకు నూకరాజు స్కూటర్ మీద ‘సిక్’. ఓసారి చూడ్డానికొచ్చిన చుట్టాల సూట్‌కేసు మీద కూడా ‘సిక్’ అని రాసేశాడు. వాళ్లు చిన్నబుచ్చుకుని బయల్దేరారు గానీ, ఆ సూట్‌కేసు పిడి స్టేషను దాకా రాలేదు.

భార్య సింహాచలమ్మ బాధ వేరు.

"బీపీ మాత్ర ఏసుకున్నావేటి?"

"ఏసుకున్నాను."

"నువ్వు సూసినావేటి?"

"నా నోట్లో నేనే ఏసుకుని, అది మళ్లీ నేనే సూడాలేటి? ఇదెక్కడి సోద్యం!"

ఆయన వాదించడు. మాత్రల అట్ట తెప్పించుకుని ఖాళీ అయిన గుంటలు లెక్కపెట్టి, క్యాలెండర్‌తో సరిచూసి, అప్పుడు తలాడిస్తాడు.

ఇలాంటి తాత ఉన్న ఇంట్లో పుట్టి కూడా మనవరాలు కిరణ్మయి ఆడిటింగ్ పేపర్ రెండుసార్లు తప్పింది. సీఏ చదువులో మధ్య మెట్టు పరీక్షలో అదొక పేపర్. తక్కిన పేపర్లలో మార్కులు దండిగా వచ్చేవి. ఆడిటింగ్‌లో నలభై రావాలి, మొదటిసారి ముప్ఫై ఆరొచ్చింది, రెండోసారి ముప్ఫై ఎనిమిది. ఒక్క పేపర్ పోతే ఆ గ్రూపులోని పేపర్లన్నీ మళ్లీ రాయాల్సిందే.

అలాగని పిల్ల చదవకనా? ఆడిట్ ప్రమాణాల నంబర్లన్నీ పసుపు చీటీల మీద రాసి గోడలకు అంటించింది. ఫ్రిజ్ మీద మూడు ప్రమాణాలు, అద్దం మీద రెండు, నీళ్ల ఫిల్టర్ మీద ఒకటి ఉండేవి. తన గొంతుతోనే పాఠం ఫోన్లో రికార్డు చేసుకుని కూర తరుగుతూ వినేది. తీరా పరీక్ష హాల్లో కూర్చుంటే ఫ్రిజ్ గుర్తొచ్చేది, దాని మీద ఏముందో గుర్తొచ్చేది కాదు.

రెండోసారి ఫలితం వచ్చాక నూకరాజు నోరు విప్పాడు. అతను చెడ్డ తండ్రేం కాదు. కూతురు చిక్కిపోవడం చూడలేకపోయాడు.

"సాలమ్మా ఇంక. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కు ఫ్యాక్టరీలో మా సావాసగాడు ఉన్నాడు. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూకోడమే పని. రమ్మంటన్నాడు."

కిరణ్మయి తల వంచుకుని పుస్తకాలు సర్దసాగింది. తప్పినవాళ్లు ఏమని వాదిస్తారు? జగ్గారావు మాత్రం సుత్తి తీసి జేబులో వేసుకున్నాడు.

"ఆ ఆఫీసు నువ్వు సూసినావేట్రా?"

"నేను సూడనేదు నాన్నా, గానీ వాడు సెప్పినాడు..."

"వాడు సెప్పడం కాదు. నేను సూసొత్తాను."

మర్నాడు టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చి తీర్పు చెప్పాడు. "సిక్. మెట్ల పక్కన కమ్మీ ఊగుతున్నాది. పిల్ల పడిపోతాది."

పదిహేను రోజులకు నూకరాజు కమ్మీ బాగుచేశారని కబురు తెచ్చాడు. తాత మళ్లీ వెళ్లొచ్చాడు. "సిక్. కుర్సీ మీద ఫ్యానున్నాది సూడు, అది తిరగతన్నాదో, పడతన్నాదో తెలీడం నేదు." మూడోసారి టీ నీళ్లలో తేడా పట్టుకున్నాడు. స్నేహితుడి ముఖం చూడలేక నూకరాజు చివరికి ఒప్పందానికి వచ్చాడు. మే నెలలో ఇంకొక్కసారి పరీక్ష, అది తప్పితే మెట్లు ఊగినా ఫ్యాను పడినా ఫ్యాక్టరీలో చేరడమే.

తాత చాదస్తం పుణ్యమా అని నాలుగు నెలలు దొరికాయనుకుంది కిరణ్మయి. ఇంకో నాలుగు బొత్తుల పసుపు చీటీలు కొనుక్కొచ్చింది.

అవి అంటిస్తుంటే జగ్గారావు వచ్చి గోడ తట్టి, మోత సరిగానే ఉందని తేల్చుకుని అడిగాడు. "ఒలే, ఇన్ని కాయితాల్లో ఏటి రాసున్నాది?"

"ఆడిటర్ అన్నోడు ఎలగ పని సెయ్యాలో ఉన్నాది తాతా."

"ఎలగ సెయ్యాలట?"

విసుగ్గా చెప్పింది. "కంపెనీవాళ్లు సెప్పిందల్లా నమ్మీకూడదట. సొంతంగా రుజువు సూసుకోవాలట. సరుకుందంటే ఎల్లి సూడాలట. అన్నీ సూడ్డం కుదరకపోతే కొన్ని ఏరి సూడాలట."

జగ్గారావు బల్ల మీదున్న ఆమె ఆడిటింగ్ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. లావు చూశాడు, బరువు చూశాడు, అట్టను సుత్తితో చిన్నగా తట్టాడు.

"దీనికి పుస్తకమేటే?" అన్నాడు.

ఆ మాటకు కిరణ్మయి మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపి తాతను తేరిపార చూసింది. ఇరవై రెండేళ్లుగా ఇంట్లో తిరుగుతున్న పాఠాన్ని ఫ్రిజ్ మీద అంటించుకుంటోందన్నమాట!

మర్నాటికల్లా పసుపు చీటీలు ఊడిపోయాయి. పొద్దున్నే తాత తనిఖీకి బయల్దేరితే వెనకాలే నోట్‌బుక్‌తో మనవరాలు. బియ్యం బస్తా దగ్గర ఆయన పైనుంచి ఒక గుప్పెడు, నడిమి నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీసి చూస్తే, ‘నమూనా ఎంపిక’ అని రాసుకునేది. ఎదురింటి మీనాకుమారి వచ్చి "మా తమ్ముడి బండి నాలుగు గంటలు లేటట బాబాయ్, వాడే ఫోన్ చేసినాడు" అంటే, ఆయన నేరుగా స్టేషనుకు ఫోన్ కొట్టేవాడు. ‘బయటివారి నుంచి ధ్రువీకరణ’ అని రాసుకునేది. సింహాచలమ్మ మాత్రల అట్టకు ఏకంగా రెండు పేజీలు కేటాయించింది.

సాయంత్రాలు పాత ప్రశ్నపత్రాలు. రాసిన జవాబును తెలుగులో తాతకు చదివి వినిపించాలి. అదీ షరతు. నమ్మకూడదని కంకణం కట్టుకున్న మనిషికి నచ్చజెప్పడం కంటే కష్టమైన పరీక్ష ఏ ఇన్‌స్టిట్యూటూ పెట్టలేదు.

"మేనేజరు ఉత్తరం రాసిచ్చాడు కాబట్టి సరుకు ఉన్నట్టే అని..."

"ఎక్కడున్నాది సరుకు?"

"హల్దియా గోడౌన్లో."

"ఆడిటరు సూసినాడేటి?"

"...సూడనేదు."

జగ్గారావు చాక్‌పీసు తీసి నోట్‌బుక్ అట్ట మీద ‘సిక్’ అని రాసేవాడు. ఆమె కొట్టేసి మళ్లీ రాసేది. కేసులో ఏం జరిగింది, ఆడిటర్ ఏం చూశాడు, ఏం చూడలేదు, చివరికి ఏం తేల్చాలి. నెల తిరిగేసరికి రోజుకు తొమ్మిది సిక్‌లు నాలుగయ్యాయి. ఏప్రిల్ ఆఖరులో ఒకరోజు జవాబంతా విని, ఆయన బల్లను సుత్తితో తట్టి "ఫిట్" అన్నాడు. కిరణ్మయి ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తింది.

పరీక్ష కలకత్తాలో. హాల్లో ప్రశ్నపత్రం తిప్పగానే నంబర్లన్నీ ఎప్పటిలాగే ఎగిరిపోయాయి. అయితే ఈసారి ఫ్రిజ్ గుర్తురాలేదు, తాత గుర్తొచ్చాడు. ప్రతి ప్రశ్నలోనూ ఎవరో ఒకరు ఏదో చెబుతున్నారు, ఎవరో చూడకుండా నమ్మేస్తున్నారు. కలం ఆగకుండా నడిచింది.

తిరుగు లోకల్ రైల్లో పాన్‌స్‌కుడా స్టేషను దాటాక తానేం రాసిందో ఆమెకు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఇంటికొచ్చి తాత ఎదురుగా కూలబడి ఏడ్చింది.

"కొంప మునిగింది తాతా. గోడౌన్ ప్రశ్నలో ‘ఆడిటర్’ అని రాయాల్సిన సోట ‘మిస్టర్ జగ్గారావు’ అని రాసీసినాను! ‘మిస్టర్ జగ్గారావు మేనేజరు మాట నమ్మకుండా స్వయంగా గోడౌన్‌కు వెళ్లవలెను’ అని! జవాబుల్లో పేర్లూ గుర్తులూ ఉండకూడదు. పేపరే కొట్టీస్తారు!"

సింహాచలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. జగ్గారావు మాత్రం చలించలేదు.

"కొట్టీసినట్టు నువ్వు సూసినావేటి?"

"నేదు. గానీ రూలు..."

"కొట్టీసినట్టు కాయితం ఒచ్చినాదా?"

"రానేదు."

"ఆ రాసిన పేరు నీదేటి?"

"నీది."

"మరి నేనేటి పరీచ్చ రాసినానా? ఎల్లి అన్నం తిను."

ఆ రెండు నెలలూ ఆమె రోజుకోసారి బెంగపడేది, ఆయన రోజుకోసారి "సూసినావేటి?" అనేవాడు. అన్నాళ్లూ విసుగు పుట్టించిన ఆ మాట చెడ్డ కబురు ముందు గోడలా నిలబడింది. చూడని మంచిని నమ్మని మనిషి, చూడని చెడును మాత్రం ఎందుకు నమ్ముతాడు?

ఫలితం వచ్చిన రోజు నూకరాజు ఫోన్ చుట్టూ ఇంటిల్లిపాదీ గుమిగూడారు. ఆడిటింగ్ అరవై నాలుగు. గ్రూపు పాస్. కిరణ్మయి నేల మీద అలాగే కూర్చుండిపోయింది. నూకరాజు కళ్లు తుడుచుకున్నాడు. జగ్గారావు కళ్లజోడు పెట్టుకుని, రెండు అంకెలూ విడివిడిగా చదివి, రోల్ నంబరు సరిచూసి, అప్పుడు సుత్తితో ఫోన్‌ను తట్టాడు.

"నాన్నా!" అని నూకరాజు కేక పెట్టాడు.

అద్దం మీద సన్నని గీత పడింది. "మోత బాగున్నాది" అన్నాడు జగ్గారావు.

ఆ శీతాకాలం కిరణ్మయి ఊళ్లోనే ఒక ఆడిటర్ దగ్గర ట్రైనింగ్‌లో చేరింది. మొట్టమొదటి పని, ఒక ఫ్యాక్టరీలో సరుకు లెక్క చూసి రావడం. వెళ్తే అది విద్యాసాగర్ పార్కులో నాన్న స్నేహితుడి ఫ్యాక్టరీయే.

ఆఫీసు ముందు టోటో దిగి ఆమె ఆగిపోయింది. ఎటు చూసినా ఒకటే అంతస్తు. చుట్టూ తిరిగి చూసింది. మెట్లు లేవు. లోపలికి వెళ్తే ఏసీలు చల్లగా పనిచేస్తున్నాయి, ఫ్యాన్లు లేవు. టీ తాగింది. ఏలకుల వాసనతో అమృతంలా ఉంది.

ఆఫీసులో పనిచేసే దోర్కా అనే ఆవిడ రిజిస్టర్లో ఆమె పేరూ చిరునామా చూసి మొహం విప్పార్చుకుంది. "పూరీ గేటా? సుత్తి తాత మీ తాతేనా? మూడుసార్లొచ్చినాడు. కుర్చీ కుర్చీ తట్టి చూసి ఫస్ట్ క్లాస్ అన్నాడు."

"ఫస్ట్ క్లాస్ అన్నాడా?"

"ఆఁ. మరి పిల్లను పంపించండి తాతా అంటే తల అడ్డంగా ఊపినాడు. ‘సోటు మంచిదే తల్లీ, అదే నా బయ్యం. ఈ సల్లటి గదిలో కూకున్నాదంటే నా మనవరాలు మళ్లీ పుస్తకం ముట్టదు. అది పాసవుతాది’ అన్నాడు."

"పాసవుతానని ఆయనకెలగ తెలుసట?"

"నేనూ అదే అడిగినాను. నవ్వి ఎల్లిపోనాడు."

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి జగ్గారావు అరుగు మీద కూర్చుని కొత్త చీపురును పరీక్షిస్తున్నాడు. కిరణ్మయి ఎదురుగా నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"తాతా, ఫ్యాక్టరీ మెట్ల పక్కన కమ్మీ ఊగుతున్నాదన్నావు. ఆ మెట్లు నువ్వు సూసినావేటి?"

ముప్ఫై ఆరేళ్ల సర్వీసులో ఒక్క తప్పుడు రిపోర్టు ఇవ్వని మనిషి చీపురు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. లోపలి నుంచి సింహాచలమ్మ కిసుక్కుమని నవ్వింది.

"ఆ రోజు సుత్తి మర్సిపోనాను" అన్నాడు.

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ."

కిరణ్మయి ఆయన పక్కన కూర్చుని భుజానికి తల ఆనించింది. ఆ ఒక్క మాటకు మాత్రం రుజువు అడగలేదు.