విప్పిన బూట్లు

కెనడాలో మా స్కార్‌బరో అపార్ట్‌మెంట్లో వరంగల్ నుంచి వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ ఉండేవారు. ఏదైనా అడగడానికి ఏ గుమ్మానికి వెళ్లినా ముందు బూట్లు విప్పేసేవారు. "సర్కారు బడికి పిల్లల్ని పంపమని ఇల్లిల్లు తిరిగినప్పటి అలవాటు బిడ్డా. చెప్పులిడిసి నిలబడ్డోళ్లను ఎవ్వరూ పొమ్మనరు," అనేవారు.

పొదుపన్నది ప్రభుత్వానికి పిల్లల పుస్తకాల దగ్గరే గుర్తొస్తుంది. మా బడి లైబ్రరీ మూసేస్తామన్నారు. ఆవిడ తలుపు తలుపూ తట్టి మమ్మల్ని పోగేసి, మా ఏరియా ఎమ్మెల్యే ఆఫీసుకు నడిపించారు. గుమ్మంలోనే మంచు బూట్లు విప్పారు. మేమూ విప్పాం. మూయబోమని ఆయన రాసిచ్చేదాకా ఒక్కరం కూడా తొడుక్కోలేదు.

మర్నాడు లైబ్రరీలోకి ఆవిడ బూట్లతోనే నడిచారు. "ఇక్కడ విప్పలేదేం టీచరమ్మా?" అన్నాను.

"ఇక్కడ అడుక్కునేదేముంది బిడ్డా? ఇది మనదే కద!"