కామాక్షయ్య ఊరు బెర్ద్యాన్స్క్

కామాక్షయ్య ఓడ దిగి వచ్చిన రోజు నుంచీ సొంత ఊళ్లో ఏదీ అతని కంటికి ఆనలేదు. పులికాట్ సరస్సుకీ సముద్రానికీ మధ్య ఇసుకమేట మీద నాలుగు వరసల తాటాకు ఇళ్లు, ఒక గంగమ్మ గుడి, ఎప్పుడూ పోని ఎండుచేపల వాసన, ఇంతే కదా ఊరు. పుట్టి పెరిగినంతకాలం బాగానే ఉన్న ఊరు, ఒక్క ఏడాది బయట తిరిగొచ్చేసరికి పనికిరాకుండా పోయింది. గాలి వీస్తే "ఇదీ ఒక గాలేనా" అనేవాడు. చేప పడితే "ఇదీ ఒక చేపేనా" అనేవాడు. భార్య చెంచమ్మ కష్టపడి పులుసు కాచి ముందు పెడితే దానికీ మూతి విరుపే.

జరిగిందేమంటే, 1959లో గూడూరు అభ్రకం వేసుకుని మద్రాసు నుంచి పోయే ఒక ఓడలో అతను ఖలాసీగా కుదిరాడు. ఆ ఓడ ఎక్కడెక్కడో తిరిగి, అజోవ్ సముద్రం ఒడ్డున బెర్ద్యాన్స్క్ అనే చిన్న రేవుకి చేరింది. చేరిన కొన్నాళ్లకే చలికి సముద్రం గడ్డకట్టింది. ఇక ఓడ కదిలితే ఒట్టు. చలికాలమంతా మనవాడు అక్కడే. రేవు కావలి ముసలాయన ఒకడు కామాక్షయ్యని పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని తన ఊరి పుట్టుపూర్వోత్తరాలన్నీ విప్పాడు. ఆ భాష వచ్చిన తోటి ఖలాసీ ఒకడు మధ్యలో ఉండి తెలుగులోకి మార్చి చెబుతుంటే కామాక్షయ్య నోరు తెరుచుకుని విన్నాడు. అలా తెరిచిన నోరు ఊరొచ్చాక కూడా మూసింది లేదు.

"రష్యాలో గదబ్బా ఉండేది నువ్వు" అని ఎవరైనా అంటే చాలు, మండిపడేవాడు. "రష్యా కాదు, ఉక్రెయిన్! ముసిలాయన నాకు పదిమాట్లు చెప్పినాడు" అని మొదలుపెట్టేవాడు. ఆ ఊరి ముందు సముద్రంలోకి పొడుచుకుపోయిన పొడుగాటి ఇసుకతిన్నె ఉందట, దాని మీద దీపస్తంభం ఉందట. తిన్నె అడ్డంగా ఉండి అలల్ని ఆపుతుందని చూసే, నూట ముప్పై ఏళ్ల కిందట అక్కడ రేవు కట్టారట. వెనక మైదానాల్లో పండిన గోధుమలు ఆ రేవు మీదుగానే దేశాలకు పోయేవట. ఒక యుద్ధంలో ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఓడలేసుకొచ్చి తగలబెట్టారట, ఇంకో యుద్ధంలో జర్మన్లు వచ్చి కూలగొట్టారట. మధ్యలో ఊరి పేరే మార్చేసి, ఈమధ్యే మళ్లీ పాత పేరు పెట్టుకున్నారట. పక్కనున్న ఉప్పునీటి గుంటల బురద కీళ్లనొప్పులకు మందని జనం రైళ్లెక్కి వచ్చి మరీ పూసుకుంటారట.

"పేరు మీదనే నిలకడ లేని ఊరు. దాన్ని పట్టుకోని మనల్ని ఎగతాళి చేస్తాడు వీడు" అనేవాడు చిన్నపోలయ్య. అతను ఆ ఊరి పెద్దకాపు, అంటే చేపలు పట్టే పట్టపోళ్ల తగవులన్నీ తీర్చే పెద్ద.

పక్కింటి నాగులమ్మ ఇంకో అడుగు ముందుకు వేసింది. "మా ఆయన పుట్టినకాడి నుంచీ మోకాళ్లదాకా బురదలోనే ఉండాడు గదా కామాక్షీ, నొప్పులు ఒక్క రవ్వ తగ్గలా. మన బురదకి ఆ తెలివి లేదేమో!"

చెంచమ్మకి సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. ఇంట్లో దులిపి పారేసేది. "ఆడ సముద్రం గడ్డకడితే కూరేం వొండుకుంటారు, మావా? గడ్డనా?" అనేది.

"గడ్డకి బొక్క కొట్టి గాలమేస్తారే. బుడ్డచేపలు పడతాయి."

"ఆ, పడతాయి పడతాయి" అని అటు తిరిగి నవ్వుకునేది. అయితే మర్నాడు పొయ్యి ముందు కూర్చుని మళ్లీ ఏదో ఒకటి తనే అడిగేది.

ఇలా నాలుగేళ్లు గడిచాయి. ఆ యేడు వానలు వెనకబట్టాక సరస్సు సముద్రంలో కలిసే మొగ ఇసుకతో పూడుకుపోయింది. మొగ మూసుకుంటే సముద్రంలోంచి రొయ్యపిల్ల సరస్సులోకి రాదు, రాకపోతే ఊరికి తిండి లేదు. అందుకని ఇంటికొకరు చొప్పున పారలు పట్టుకుపోయి కాలవ తవ్వడం తాతల నాటి ఆచారం. పౌర్ణమి నాటి పెద్ద పోటు చూసుకుని, అది వెనక్కి తీసే వేళకి చివరి కట్ట తెంచుతారు. సరస్సు నీళ్లు ఒక్క ఊపున దూకి ఇసుకని ఈడ్చుకుపోతాయి. ఇది పాలు తాగే పిల్లలకి తప్ప అక్కడ అందరికీ తెలుసు.

పౌర్ణమి ఇంకా వారం ఉంది. సరస్సుకి ఉత్తరాన ఉన్న ఊరివాళ్లు తమ వైపు తవ్వుకుని రొయ్యపిల్లని లాక్కునేలోగా తాము తవ్వేయాలని చిన్నపోలయ్యకి తొందర. ఆ తొందరకి కామాక్షయ్య దొరికాడు.

"పున్నం దాకా ఎందుకన్నా? బెర్ద్యాన్స్కులో పోటూ ల్యా, పాటూ ల్యా. అంతా గాలే. గట్టు మీద నుంచి గాలి తోల్తే సముద్రం తగ్గిపోద్ది. పడమటి గాలి చూసుకోని తెంచేద్దాం" అన్నాడు.

నాలుగేళ్లుగా ఆ ఊరి పేరెత్తితే పగలబడి నవ్వినవాళ్లు, ఆ రోజు ఒక్కడూ నవ్వలేదు. దేశాలు తిరిగొచ్చినవాడు కదా, తెలియకుండా చెబుతాడా అని తలలూపారు. నిజానికి ఆ అజోవ్ సముద్రంలో పోటూ పాటూ లేనట్టే. కానీ ఇది అజోవ్ కాదని చెప్పే బుర్ర ఆ గుంపులో ఒక్కటీ లేకపోయింది. పడమటి గాలి తోలింది, కట్ట తెంచారు. సరస్సు నీళ్లు పిల్లకాలవలా నీరసంగా కాస్త దూరం పోయాయి. అంతలో పోటెక్కింది. సముద్రం లోపలికొచ్చి, తవ్వినదానికి రెట్టింపు ఇసుక తెచ్చి కాలవలో పోసి, చేతులు దులుపుకున్నట్టు వెళ్లిపోయింది. ఉత్తరపు ఊరివాళ్లు పౌర్ణమికి తవ్వుకుని రొయ్యపిల్లని తమ వైపు తిప్పుకున్నారు.

తవ్వమన్నది ఒక్కడే, తవ్వింది ఊరంతా. కానీ పంచాయతీలో నిలబడ్డది మాత్రం కామాక్షయ్య ఒక్కడే. పెద్దకాపు గుడి ముందు బోర్లించిన పడవ మీద కూర్చుని, తనకేమీ తెలియనట్టు మొహం పెట్టి దురాయి వేశాడు. దురాయి అంటే ఊరంతా కట్టుబడాల్సిన ఆన.

"గంగమ్మ ఎదట నిలబడి చెప్పు. అట్టాంటి ఊరు ల్యా, నేను చెప్పిందంతా కట్టుకథ అను. అంటే నీ గవ్వ కుండలో ఏస్తాం. అనకపోతే ఈ యేడు నీకు వంతు ల్యా."

సరస్సులో ఎవరు ఎక్కడ వల వేయాలో ఆ కుండలోంచి గవ్వలు తీసే తేలుస్తారు. ఇంటికొక గుర్తు గీసిన గవ్వ. అది కుండలో పడకపోతే ఏడాదంతా పరాయి పడవల్లో కూలికి పోవాలి. ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని గుంపు చివర నిలబడ్డ చెంచమ్మకి ఇదంతా తెలుసు. ఒప్పుకుంటే బాగుండునని కడుపు అంటోంది. ఒప్పుకుంటే చూడలేనని ఇంకేదో అంటోంది. ఎన్నాళ్లు వెక్కిరించిందో ఆ ఊరిని! ఇప్పుడు దాన్ని లేదనమంటే తన ఇంట్లో మనిషిని ఎవరో చంపమన్నట్టుంది. కామాక్షయ్య తల ఎత్తితే చాలు, కూలికైనా తనే పోతాననుకుంది.

కామాక్షయ్య తల ఎత్తలేదు సరికదా, ఆలోచించను కూడా లేదు. అడిగినదానికంటే ఎక్కువే చెప్పాడు.

"ఊరూ ల్యా, గీరూ ల్యా అన్నా. నేను ఓడే ఎక్కలా. ఏడాదంతా మద్రాసు రేవులో మూటలు మోసినా. ఊరికే మిమ్మల్ని నవ్వించేదానికి చెప్పినా" అన్నాడు.

గుంపు గొల్లుమంది. పెద్దకాపు తొడ చరుచుకుని నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వింది కామాక్షయ్యే. గవ్వ కుండలో పడింది, తీస్తే సరస్సులో మంచి చోటే వచ్చింది.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. "చూసినావా, ఎంత మంచి చోటొచ్చిందో" అన్నాడు మీసం దువ్వుకుంటూ.

చెంచమ్మ కంచం తెచ్చి ముందు పెట్టింది. అన్నం వడ్డించి, పులుసు పోసి, లేచి నిలబడింది.

"ఇన్నేళ్లూ నిన్ను తిక్కోడనుకున్నా మావా. అబద్ధాలకోరువని ఇయ్యాలే తెలిసింది" అంది.