చంద్రమండలం సిపాయికి హవల్దారు తరిఫీదు

మనవడు చూసే టీవీ సీరియల్లో అంతరిక్ష సిపాయిల బూట్లు ఇనుప నేల మీద ఠకఠకమంటే ఇప్పటికీ నేను నిటారుగా సర్దుకుని కూర్చుంటాను. నిన్న ఒకడు వట్టి తలతో పై అధికారికి సెల్యూట్ కొట్టాడు. టోపీ లేకుండా సెల్యూటేంట్రా, హవల్దారు బాబాయి చూసుంటే వీణ్ణి గ్రహం చుట్టూ పరిగెత్తించేవాడు అన్నాను. ఆయనెవరని మనవడు అడిగాడు.

బాబాయని పిలవడమే గానీ ఆయన మాకేమీ కాడు. భట్టిప్రోలు మనిషి, పటాలంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు. డెబ్బైల మొదట్లో, యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మా తెనాలి కుర్రాళ్ళం చంద్రమండలంలో సైన్యం గురించి నాటకం వేశాం. ఏడో తరగతితో నాకు బడి పీడా, బడికి నా పీడా వదిలాక, ఏ నాటకంలోనైనా నాది హాస్యపాత్రే. ఈసారి సిపాయి వేషగాడికి కామెర్లొచ్చి, కొడుకు చనిపోయాడని తల్లికి చెప్పే పాత్ర నా నెత్తిన పడింది. డ్రిల్లు నేర్పమని బాబాయిని బతిమాలుకున్నాం.

వెదురుబుట్టకి సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం అంటించి చేసిన మా శిరస్త్రాణాన్ని చూసి ఆయన నవ్వలేదు. ఇంట్లో అడుగుపెట్టగానే దాన్ని తీసి చంకలో పెట్టుకోవాలన్నాడు, తీశాక సెల్యూట్ ఉండదన్నాడు. చంద్రుడి మీద మనిషే తేలిపోతుంటే ఈ పట్టింపులేంటని వేళాకోళమాడాను.

"ఎక్కడైనా పటాలం పటాలమేరా. కబురు చెప్పు. ఆ తల్లి నోరు విప్పేదాకా కదలకు."

"విప్పకపోతేనో?"

"నిలబడే ఉండు."

ప్రదర్శన రేపల్లెలో. తెర లేవబోతుండగా బాబాయి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"ముందు వరసలో మా వదినుంది. మా అన్న కొడుకు యుద్ధంలో పోతే తంతి వచ్చిందిరా. ఇచ్చినవాడు సైకిలెక్కి పోయాడు. ఎవడూ ఆవిడ ముందు నిలబడలేదు."

నన్ను చూస్తే జనం నవ్వుతారు, అది నా బతుకుతెరువు లాంటిది. ఆ రోజు నవ్వితే మాత్రం ఆ నవ్వు ఆవిడ మీద పడుతుంది.

వేదికెక్కగానే వెనక బెంచీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. బుట్ట తీశాను. కబురు చెప్పాను. తల్లి వేషం వేసినావిడ మొహం కప్పుకుని కూలబడింది. వెంటనే తెర పడాలి. తాడు చిక్కుపడింది, తెర పడలేదు. కిసుకిసలు బెంచీ నుంచి బెంచీకి పాకుతున్నాయి. నాలుక చివర ఒక జోకు సిద్ధంగా ఉంది, వదిలితే నేను గట్టెక్కుతాను. చెమట కంట్లోకి దిగింది. కదల్లేదు.

అప్పుడు ముందు వరసలోంచి ఒక సన్నటి గొంతు వినిపించింది.

"ఎంతసేపు నిలబడతావు నాయనా. కూర్చో."

కిసుకిసలు ఆగాయి. నాటకంలో లేకపోయినా నేను ఉన్నచోటే కూర్చున్నాను. కింద బాబాయి వదిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పక్కన బాబాయి లేచి నిలబడి ఉన్నాడు, కొయ్యలా.

ఆయన పోయి చాలాకాలమైంది. చావింటికెళ్తే నాకిప్పటికీ మాటలు తన్నుకొస్తాయి, అన్నీ నవ్వించేవే. పళ్ళు బిగించి గుమ్మంలో నిలబడతాను. లోపలివాళ్ళు ఎప్పటికి పలకరిస్తారో తెలియదు. అప్పటిదాకా కదలను.