కాలవలో పడిన కథల సంపుటి

పిల్లల కథలు పిల్లల్ని చెడగొడతాయనే పెద్దలతో నేను చాలా సభల్లో వాదించి గెలిచాను. ఒక్క మాచర్ల బస్సులో మాత్రం గెలవలేకపోయాను.

పాత బాలల కథల సంపుటాలు సేకరించి, ఏ కథ ఎందులో ఉందో రాసిపెట్టడం నా వ్యసనం. నరసరావుపేటలో బస్సెక్కగానే, పక్క సీటులో ఉన్న ఒకామె ఒళ్లో నేను ఏళ్లుగా వెతుకుతున్న సంపుటి కనిపించింది. ఆమె భుజం మీద పసివాడు నిద్రపోతున్నాడు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"మా పాపది సారూ. బళ్లో తుక్కుకిస్తంటే తెచ్చుకుంది."

ముందు సీట్లోంచి ఆమె మామ వెనక్కి తిరిగాడు. "అన్నీ పాముల కథలండీ. అయ్యి చదివి చదివి పామును పిలుచుకుంది పిల్ల. మంత్రం కూడా పనిచేయలా. పుస్తకాన్ని కాలవలో పడెయ్యమన్నాడు మంత్రగాడు."

"పుస్తకం పామును పిలవదు. నాకివ్వండి, భద్రంగా దాస్తాను," అన్నాను గట్టిగానే.

"చచ్చినోళ్ల వస్తువు మీకెందుకండీ?"

బస్సు సాగర్ కాలవ వంతెన మీదికి రాగానే ఆయన కోడలి ఒళ్లోంచి పుస్తకం లాక్కుని కిటికీలోంచి విసిరేశాడు. చేతులు దులుపుకున్నాడు.

ఆమె నాతో మెల్లగా అంది: "పాము కరిస్తే ఆస్పత్రికి పోవాలని అందులో ఉంది సారూ. మాట పడిపోయిందాకా నా బిడ్డ అదే చెప్పింది. ఈళ్లు మంత్రగాడి దగ్గరికి మోసుకపోయారు."

"నోర్ముయ్యవే," అన్నాడు మామ. వెంటనే నావైపు తిరిగి, పసివాణ్ణి చూపిస్తూ, ఎంతో మర్యాదగా చెప్పాడు: "వీడికైనా ముందే రక్షరేకు కట్టియ్యాలండీ. ఇప్పుడు ఆ మంత్రగాడి దగ్గరికే పోతన్నాం."